రెండో శనివారం నాడు కలిసిన గీతలు

గొల్లేరు వరద సూచన ఉపవిభాగం ఇచ్చిన హెచ్చరిక పదమూడేళ్లలో ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు. ఏటిపేటలో నడుంలోతు నీళ్లొస్తాయని ఉపవిభాగం చెప్పిందంటే నడుంలోతు నీళ్లు వచ్చే ఉండేవి. వచ్చి, పోయి, గోడల మీద చార కూడా ఆరిపోయి ఉండేది.

ఉపవిభాగం పని చెప్పుకోవడానికి సులువే. కొండల మీద ఏడుచోట్ల వాన కొలిచే డబ్బాలున్నాయి. ఎంత వాన పడిందో అవి ఫోనుకు సందేశం పంపుతాయి. ఆ అంకెల్ని కంప్యూటరుకు ఎక్కిస్తే గొల్లేరు ఎన్నింటికి, ఎంత ఎత్తున పారుతుందో అది లెక్కగట్టి చెబుతుంది. చిక్కల్లా ఒక్కటే. కొండ మీద పడిన వాన ఏటిపేట చేరడానికి తొమ్మిది గంటలు చాలు. కంప్యూటరు లెక్క తేల్చడానికి నలభై ఏడు గంటలు కావాలి.

కొన్న కొత్తలో ఇదే డెస్క్‌టాప్ ఈ లెక్కను నాలుగు గంటల్లో తేల్చేది. అది ముసలిదై నెమ్మదించిందనడం అన్యాయం. అది ఎలా ఉన్నది అలాగే ఉంది. ప్రధాన కార్యాలయం వాళ్లు లెక్క ప్రోగ్రామును ఏటేటా మెరుగుపరుస్తూ వచ్చారు. ఒక ఏడు రంగుల పటం చేర్చారు, మరో ఏడు ఆ పటానికి నీడలు చేర్చారు, ఆపై ఏడు శాఖ చిహ్నం గుండ్రంగా తిరిగే ఏర్పాటు చేశారు. ఎద్దు అదే, బండి అదే, ఏడాదికో బస్తా ఎక్కువ. పాపం దాని జ్ఞాపకశక్తి చాలక, సగం లెక్క డిస్కు మీద రాసుకుని, రాసుకున్నది ఎక్కడుందో వెతుక్కుని, మళ్లీ మొదలుపెట్టి, మొత్తానికి రెండు రోజుల్లో గట్టెక్కేది.

ప్రధాన కార్యాలయం మాత్రం హెచ్చరిక ఎప్పుడొచ్చిందని అడగదు. నిజమైందా లేదా అనే అడుగుతుంది. ఆ పద్దు కింద గొల్లేరు ఉపవిభాగానికి నూటికి నూరు వచ్చేవి. డిప్యూటీ ఇంజనీరు పరాంకుశరావుగారి గదిలో మూడు షీల్డులు వరసగా ఉండేవి.

ఈ ఆఫీసులో అంకెలు ఎక్కించే సాంకేతిక సహాయకురాలు గొర్లె హైమావతి. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, మాట తక్కువ. ఉద్యోగంలో చేరిన ఆరేళ్లలో ఆమెకు షీల్డుల వంక చూడటం అలవాటు కాలేదు. నిరుడు శ్రావణ మాసపు వరద తర్వాతైతే అసలే చూడలేకపోయింది. ఆ వరద పోయిన రెండో రోజున హెచ్చరిక కాగితం పట్టుకుని తనే ఏటిపేట వెళ్లాల్సి వచ్చింది, సర్పంచి చేత అందినట్టు సంతకం పెట్టించుకోవాలి గనక. ఊరి నిండా తడిసిన పరుపులు ఆరేసి ఉన్నాయి. సర్పంచి లావేటి తవిటమ్మ చచ్చిపోయిన ఆవు పక్కన కూర్చుని ఉంది.

హైమావతి కాగితం చదివి వినిపించింది. ప్రమాదం పొంచి ఉన్నదనీ, ఎత్తు ప్రదేశాలకు వెళ్లాలనీ అందులో ఉంది.

తవిటమ్మ మొత్తం విని, "ఏటమ్మా, మా ఇంట్లోకి నీళ్లొచ్చిన సంగతి మాకే సెప్పడానికొచ్చినావా?" అంది. కోపంగా అనలేదు, తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది. అని, సంతకం పెట్టి, "మంచినీళ్లు తాగుతావేటి? బోరు బాగానే ఉంది" అని చెంబు అందించింది.

ఆ చెంబెడు నీళ్లు హైమావతికి చాలాకాలం గొంతు దిగలేదు.

ఆ తర్వాత రెండు నెలలకు ఏదో శిక్షణకని నగరం వెళ్లినప్పుడు అక్కడొక ఇంజనీరింగు కాలేజీలో ఆమె బోర్డు కంప్యూటరు చూసింది. పేకముక్కంత పలక. దానికి పెట్టె లేదు, ఫ్యాను లేదు. ఒకే పలక మీద కంప్యూటరుకు కావలసినవన్నీ అతికించి ఉన్నాయి. టీవీకి తగిలిస్తే తెర, ఫోను చార్జరు పెడితే కరెంటు. ఆఫీసు ప్రింటరులో పోసే సిరా కన్నా చౌక. ఆమె ఒకటి కొనుక్కుని ఇంటికి తెచ్చింది. ఆఫీసు ప్రోగ్రామును అందులోకి ఎక్కించి నిరుటి వరద అంకెలు వేసి, వంటింట్లోకి వెళ్లి పప్పు పోపు పెట్టింది, అన్నం వార్చింది, కూర దించింది. తిరిగొచ్చేసరికి తెర మీద శాఖ చిహ్నం గుండ్రంగా తిరుగుతోంది. దాని కింద నిరుటి వరద ఉంది, గంటతో సహా, అడుగుతో సహా. మొత్తం యాభై నిమిషాలు.

ఆ పలకను రుమాల్లో చుట్టి మర్నాడు పరాంకుశరావుగారి బల్ల మీద పెట్టింది. ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు.

"సబ్బుపెట్టా?"

"కంప్యూటరు సార్. మన లెక్క యాభై నిమిషాల్లో చేసింది."

పరాంకుశరావుగారు చెడ్డవాడు కాదు. ఇరవై ఏడేళ్ల సర్వీసులో ఆయన ఎవరికీ అపకారం చెయ్యలేదు. ఆడిటువాళ్లు అడుగుతారేమోనని ఉపకారం మాత్రం మానుకున్నాడు. ఆ పలకను వేలితో ఒకసారి తాకి చూసి, వేలు వెనక్కి తీసుకున్నాడు.

"ఏటిపేటవాళ్లకి ఎనిమిది గంటలు ముందు తెలుస్తుంది సార్" అంది హైమావతి.

"తెలియడం మంచిదేనండీ. కాదనను. అయితే ఈ తెలియడానికి రూలుందా అని పైవాళ్లని అడుగుదాం."

పైవాళ్ల నుంచి జవాబు మూడు నెలలకు వచ్చింది. రూలు ఉంది. "జీర్ణించిన యంత్రము స్థానే నియోగింపబడు యంత్రము పూర్వయంత్రమునకు సర్వవిధముల సమానమై యుండవలెను. అధికమైనచో దుబారాగాను, న్యూనమైనచో అలసత్వముగాను పరిగణింపబడును." కనుక బోర్డు, డెస్క్‌టాప్ సమానమో కాదో తేల్చడానికి కాలానుగత తులనాత్మక అధ్యయన సంఘం ఒకటి వేశారు. అధ్యక్షులు డాక్టర్ భూషణాచార్యులుగారు. ఫైళ్లకు కట్టే దారాల ముడులలో ఏకరూపత అనే విషయం మీద ఆయన పరిశోధన చేశారు. సభ్యులు ఇద్దరు. ఒకరు ఆయన గొడుగు పట్టుకునేవారు, రెండోవారు ముద్రలు వేసేవారు.

సంఘం వచ్చీ రాగానే తూకం అడిగింది.

"తులన అంటేనే తూకమమ్మా" అన్నారు భూషణాచార్యులుగారు హైమావతితో వాత్సల్యంగా. "మూలానికి వెళ్లకుండా శాస్త్రం లేదు."

కిరాణా కొట్టు నుంచి కాటా తెప్పించారు. డెస్క్‌టాప్ పదకొండు కిలోలు తూగింది. బోర్డుకు కాటా కదల్లేదు. కంసాలి దగ్గర్నుంచి చిన్న త్రాసు తెస్తే నలభై ఆరు గ్రాములు తేలింది. "ప్రథమ దృష్ట్యా న్యూనము" అని రాసుకుని ముద్ర వేశారు.

ఎంత నవ్వు వచ్చినా ఒక్కటి ఒప్పుకోవాలి, భూషణాచార్యులుగారు పనిదొంగ కారు. ఆయన తర్వాత చేసిన పని ఆ రాష్ట్రంలో ఎవరూ చెయ్యలేదు. బోర్డు కంప్యూటర్లు పుట్టిన నాటి నుంచి ఏడాదికొకటి చొప్పున సంపాదించారు. శాఖలోని ఆఫీసులన్నీ గాలించి ఏడాదికొక డెస్క్‌టాప్ పట్టుకొచ్చారు. అన్నింటికీ అదే లెక్క ఇచ్చి, గడియారం పట్టుకుని ఎండాకాలం మొదలయ్యేదాకా కూర్చున్నారు. మొట్టమొదటి బోర్డు ఆరు రోజులు ఆలోచించి ఆగిపోయింది. ఆ తర్వాతివి ఏటేటా మెరుగయ్యాయి. చివరికి గోడ మీద గీతల కాగితం అంటించి, సంఘం సమావేశపరచి, బెత్తం చేతబట్టారు.

"నాలుగేళ్లనాటి బోర్డు పదహారేళ్లనాటి డెస్క్‌టాపుతో సమానం. ఈ ఏటి బోర్డు తొమ్మిదేళ్లనాటి డెస్క్‌టాపుతో సమానం. అంటే బోర్డు ఎప్పుడూ డెస్క్‌టాపు వెనకాలే నడుస్తోంది, కానీ అడుగులు పెద్దవి వేస్తోంది. ఇది ఆ రెండు జాతుల సంగతి. ఇక మన డెస్క్‌టాపు సంగతి. అది నడవడం లేదు. పదమూడేళ్ల క్రితం కూర్చున్నచోటే కూర్చుంది. నడిచేవాడు కూర్చున్నవాణ్ణి ఎప్పుడో ఒకప్పుడు దాటక తప్పదు. ఈ ఎర్రగీత బోర్డు, ఈ నల్లగీత మన డెస్క్‌టాపు. రెండూ ఇక్కడ కలిశాయి. ఆ ఒక్క రోజున రెండూ సర్వవిధముల సమానం. ఆ రోజున మార్చుకుని ఉంటే మార్పు రూలుకు సరిపోయేది."

"ఆ రోజు ఎప్పుడండీ?" అన్నాడు పరాంకుశరావుగారు.

"రెండేళ్ల క్రితం, జూలై నెలలో." ఆచార్యులుగారు కాగితాలు తిరగేశారు. ఆయన ముఖం కొంచెం వాడింది. "ఆ రోజు రెండో శనివారం. సెలవు."

ముద్రలు వేసే సభ్యుడు ముద్రను మెల్లగా సంచీలో పెట్టేశాడు.

"మరిప్పుడు?" అంది హైమావతి.

"ఇప్పుడు బోర్డు అధికమైపోయింది తల్లీ. దుబారా కిందికి వస్తుంది."

"చౌక కదండీ?"

"ధరలో కాదు, సామర్థ్యంలో దుబారా. రూలు సామర్థ్యం గురించి చెబుతుంది."

రెండేళ్లనాటి బోర్డే కొందామంటే అది తయారు కావడం మానేసింది. సంఘం వారంపాటు ఆలోచించి మార్గం కనిపెట్టింది. ఈ ఏటి బోర్డునే తీసుకుని, అందులో 'నిదానం' అనే చిన్న ప్రోగ్రాము వేస్తారు. బోర్డు యాభై నిమిషాల్లో లెక్క పూర్తి చేస్తుంది. తర్వాత ఆ ఫలితాన్ని లోపలే పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా, నలభై ఏడు గంటలు నిండేదాకా ఆగుతుంది. అప్పుడు అది పాతదానితో సర్వవిధముల సమానం.

బోర్డు మంజూరైంది. శాఖ సొత్తు మీద సొత్తు నంబరు రెండంగుళాల అక్షరాలతో రాయాలి కాబట్టి, పేకముక్కంత పలక మీద పట్టదు కాబట్టి, దానికొక టేకుపెట్టె చేయించారు. పెట్టె డెస్క్‌టాపు కన్నా నాలుగంగుళాలు పెద్దది.

పాత డెస్క్‌టాపును కూడా తీసెయ్యలేదు. దానితో సమానంగా ఉందో లేదో చూడాలంటే అది ఉండాలి. పైగా ప్రధాన కార్యాలయం ఆ వేసవిలో ప్రోగ్రాముకు ఒక స్వాగతగీతం చేర్చడంతో డెస్క్‌టాపుకు నలభై తొమ్మిది గంటలు పట్టసాగింది. నిదానాన్ని దానికి తగ్గట్టు సవరించాలి. అందుకోసం నలుగురు మనుషులతో సమానీకరణ విభాగం తెరిచారు. బోర్డు ఎంత నెమ్మదిగా ఉందో కచ్చితంగా కొలవడానికి వాళ్లకు నాలుగు సరికొత్త డెస్క్‌టాపులు వచ్చాయి. అవి ఈ లెక్కను ఆరు నిమిషాల్లో చెయ్యగలవని హైమావతి మొదటి రోజే కనిపెట్టింది.

"సార్, వాటిలో ఒకదాని మీద వరద లెక్క వేసుకుందామా?"

పరాంకుశరావుగారు నిజంగా బాధపడ్డాడు. "అవి కొలిచే సాధనాలండీ. త్రాసులో కూర తూస్తాం గానీ త్రాసుని వండుకోం కదా!"

శ్రావణ మాసం వచ్చింది. ఒక బుధవారం పొద్దున ఆరింటి నుంచి తొమ్మిదింటిదాకా కొండల మీద ఆకాశం చిల్లుపడింది. ఏడు డబ్బాలూ ఎప్పుడూ చూడని అంకెలు పంపాయి. హైమావతి పది గంటలకు వాటిని ఎక్కించింది, డెస్క్‌టాపులోకి, టేకుపెట్టెలోని బోర్డులోకి. పది యాభైకి టేకుపెట్టె మీద చిన్న పచ్చదీపం వెలిగి, కాసేపు మినుకుమని, నిలకడగా నిలబడింది. లెక్క అయిపోయింది. తెర మీద మాత్రం "దయచేసి వేచియుండుడు" అని ఉంది.

ఆమె ఆ దీపం వంక చూస్తూ కూర్చుంది. ఏటిపేటలో ఎన్నింటికి ఎంత నీళ్లొస్తాయో ఆ పెట్టెలో ఉంది. జానెడు దూరంలో ఉంది. ఎల్లుండి పదకొండింటికి బయటికొస్తుంది. ఆమెకు ఎండుతున్న పరుపులు గుర్తొచ్చాయి.

లేచి పరాంకుశరావుగారి గదిలోకి వెళ్లింది. "సార్, ఫలితం తయారై లోపల ఉంది. తెరవమంటారా?"

ఆయన కిటికీలోంచి కొండల వైపు చూశాడు. అక్కడ కొండలు కనబడటం లేదు, నల్లగా ఏదో ఉంది. "హైమావతిగారూ, పరిపక్వం కాని ఫలితాన్ని చూడటం..." అని, వాక్యం పూర్తి చెయ్యకుండా, "నాకు పంటి నొప్పిగా ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్లొస్తాను" అని చెప్పి గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆమె తిరిగొచ్చి కూర్చుని, నిదానాన్ని పక్కకు నెట్టి, ఫలితం తెరిచింది. సాయంత్రం ఐదున్నర. ఇళ్ల కప్పుల ఎత్తున.

ఫోను తీసి ఏటిపేటకు చేసింది. తవిటమ్మ ఎత్తింది.

"తవిటమ్మగారూ, ఆఫీసు నుంచి కాదమ్మా మాట్లాడుతున్నది. నేను, హైమావతిని. ఏరు వస్తోంది. కప్పులు మునుగుతాయి. నాలుగింటిలోపు అందరూ మెట్టకెక్కెయ్యాలి."

అవతల ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినబడింది, అంటే ఏటిపేటలో ఇంకా ఎండే.

"ఆపీసోళ్లు సెప్తే నవ్వుకుందుం తల్లీ" అంది తవిటమ్మ. "నువ్వు సెప్తన్నావు. ఎల్తాం."

నూట నలభై ఇళ్లవాళ్లు, ముసలీముతకా, గొర్రెలు, ఆవులు, ఒక బాలింత, ఆమెను మంచంతో సహా మోసిన నలుగురు, మూడున్నరకల్లా మెట్ట మీది బడి దగ్గరికి చేరారు. ఐదు ఇరవైకి ఏరొచ్చింది. చీకటి పడేలోగా ఏటిపేటలో కనబడినవి రెండు కొబ్బరిచెట్ల తలలు, వాటర్ ట్యాంకు. మనిషన్నవాడు ఒక్కడూ పోలేదు. కోడిపుంజు ఒకటి పోయింది. అది మూడు రోజులకు తిరిగొచ్చింది.

శుక్రవారం పదకొండింటికి అధికారిక హెచ్చరిక వెలువడింది. ఏటిపేట గ్రామస్థులు ఐదు వందల పదకొండుమంది ప్రాణాపాయంలో ఉన్నారని అందులో ఉంది. ఆఫీసు జీపు మెట్ట దాకా వెళ్లి సంతకం తీసుకొచ్చింది. సమానీకరణ విభాగం దాన్ని వాస్తవంతో సరిచూసింది. ఐదు వందల పదకొండుమందిలో ఒక్కరు కూడా ప్రాణాపాయంలో లేరు.

పదమూడేళ్లలో మొదటిసారి ఉపవిభాగం హెచ్చరిక తప్పింది.

ఆ వార్తకు ప్రధాన కార్యాలయం అదిరిపోయింది. వారంలో భూషణాచార్యులుగారు విచారణాధికారిగా దిగి అతిథిగృహంలో బస చేశారు. హైమావతి మీద మూడు అభియోగాలు. పరిపక్వం కాని ఫలితాన్ని వీక్షించుట. ఫలితము వెలువడక పూర్వమే అది వాస్తవమని నమ్మి ఇతరులను నమ్మించుట. తద్ద్వారా శాఖ యొక్క నిర్ధారణ శాతమునకు భంగము కలిగించుట. రుజువైతే ఉద్యోగం పోతుంది.

విచారణకు తవిటమ్మను సాక్షిగా పిలిచారు. ఆవిడ కుర్చీ అంచున కూర్చుంది.

"అమ్మా, మీరు ఆ రోజు మెట్ట ఎక్కారా?"

"ఎక్కినాం బాబూ."

"హెచ్చరిక చేతికి అందకుండానే ఎక్కారా?"

"అందేదాకా ఆగితే కాగితం అందుకోడానికి సెయ్యుండాలి గదా బాబూ."

ఆచార్యులుగారు అది రాసుకున్నారు. ఆయన మొహంలో ఎగతాళి లేదు. నిజంగా చిక్కులో పడ్డ మనిషి మొహం అది. "సమస్య ఏమిటంటే, మీరు హెచ్చరికకు ముందు ఎక్కారు గనక హెచ్చరిక అబద్ధమైంది. హెచ్చరిక తర్వాత ఎక్కి ఉంటే, హెచ్చరిక వల్లే మీకు ప్రమాదం తప్పిందని రాయవచ్చు. శాతం నిలుస్తుంది. ఈ అమ్మాయి ఉద్యోగమూ నిలుస్తుంది."

తవిటమ్మ హైమావతి వంక చూసింది. హైమావతి తల ఎత్తలేదు.

"అయితే మళ్లీ ఎక్కుతాం" అంది తవిటమ్మ.

"ఏమిటీ?"

"ఎనక ఎక్కినట్టు కావాలంతే గదా? ఇప్పుడెక్కుతాం. మీరు సూసి రాసుకోండి. ఈ తల్లి జోలికి మాత్రం ఎల్లకండి."

ఆచార్యులుగారు బెత్తం బల్ల మీద పెట్టి చాలాసేపు ఆలోచించారు. తర్వాత ఆయన కళ్లు మెరిశాయి. ఉత్తర్వు ఆయన స్వహస్తంతో రాశారు. "ముందస్తుగా జరిగిన ప్రాణరక్షణను క్రమబద్ధీకరించు నిమిత్తము సదరు గ్రామస్థులు సదరు మెట్టను అధికారుల సమక్షమున పునరారోహణము గావింపవలెను." ఊరివాళ్ల వీలు కనుక్కుని రోజు చెప్పే బాధ్యత హైమావతికి అప్పగించారు. ఆరు గంటలు ముందు చెబితే చాలన్నారు.

టేకుపెట్టెను మాత్రం లక్కతో సీలు చేశారు. నిదానం ముగిసేదాకా దాన్ని ఎవరూ తాకకూడదు.

వారం గడిచింది. "ఎప్పుడమ్మా పునరారోహణం?" అని ఆచార్యులుగారు కబురు పెట్టారు. ఇళ్లలో బురద ఎత్తుకుంటున్నారని చెప్పింది హైమావతి. మరో నాలుగు రోజులకు మళ్లీ అడిగారు. ఎవరింట్లోనో వెంకటేశ్వర దీపారాధన ఉందంది. అతిథిగృహం భోజనం పడక ఆయన సగమయ్యారు. ఇంకో మూడు రోజులు ఊడుపులన్నది.

ఆ అబద్ధాలు చెప్పిన ప్రతి పొద్దునా ఆమె ఇంట్లో టీవీ ముందు కూర్చునేది. వాన అంకెలు ఆఫీసు కన్నా ముందు ఆమె ఫోనుకే వస్తాయి. ఆమె సొంత బోర్డు ఇంకా టీవీ వెనకాల మేకుకు వేలాడుతూనే ఉంది. అది ఏ రిజిస్టరులోనూ లేదు, దానికి నంబరు లేదు, నిదానమూ లేదు. పదహారో రోజు పొద్దున ఆరున్నరకు ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టి తెరకు దగ్గరగా జరిగింది. మూడుంబావు. మొన్నటికన్నా అడుగు తక్కువ.

ముందు తవిటమ్మకు ఫోను చేసింది. తర్వాత అతిథిగృహానికి చేసింది.

"ఈ రోజు ఊరివాళ్లకి వీలవుతుందట సార్."

ఎండ నిగనిగలాడుతోంది. పన్నెండింటికి శాఖ జీపు ఏటిపేట రచ్చబండ దగ్గర ఆగింది. సంఘం దిగింది, వెనకే పరాంకుశరావుగారు, హైమావతి దిగారు. ఊరంతా మూటాముల్లెలతో సిద్ధంగా ఉంది.

"ఇంత సామాను దేనికి? లాంఛనంగా ఎక్కితే చాలు కదా" అన్నారు ఆచార్యులుగారు గొడుగు కింద నుంచి.

"ఉత్తుత్తినే ఎక్కితే లెక్కలోకి వస్తాదో రాదో బాబూ. పూర్తిగా ఎక్కితేనే మంచిది" అంది తవిటమ్మ, బియ్యం బస్తా మనవరాలి నెత్తికెత్తుతూ.

ఆయనకు ఆ మాట ఎంతో నచ్చింది. రాసుకున్నారు. జీపును రచ్చబండ నీడన వదిలి, డ్రైవరుతో సహా అందరూ మెట్టెక్కారు. రెండింటికి తలలు లెక్కపెట్టి, ముద్ర వేసి, "ఇక దిగవచ్చు" అని ప్రకటించారు.

ఎవరూ దిగలేదు. "ఇంత దూరం వచ్చినారు, అంబలి తాగి ఎల్లండి" అని తవిటమ్మ చెంబులు తిప్పింది. ఆవకాయ బద్ద నంజుకుని ఆచార్యులుగారు రెండో చెంబు అడిగారు. పదహారు రోజుల తర్వాత ఆయనకు నోటికి రుచి తగిలింది.

హైమావతి బడి అరుగు మీద నిలబడి ఎగువకు చూస్తోంది. లెక్క తప్పితే ఈ ఊరు ఇంకోసారి తన మాట వినదు. మూడుంబావు అయింది. ఏరు సన్నగా, ఏమీ ఎరగనట్టు పారుతోంది. మూడూ ఇరవై. తవిటమ్మ వచ్చి ఆమె పక్కన నిలబడింది. మూడూ ఇరవై ఐదుకు దూరంగా ఒక మోత, రైలు వంతెన మీదికొచ్చినట్టు.

నీళ్లు గోధుమరంగు గోడలా మలుపు తిరిగాయి. అందరూ లేచి నిలబడ్డారు. రచ్చబండ దగ్గర జీపు ఒకసారి అటూ ఇటూ ఊగి, మెల్లగా తిరిగి, ఎవరో నడుపుతున్నంత నిదానంగా ఊరు దాటి వెళ్లిపోయింది.

ఆచార్యులుగారి చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. కాసేపటికి, "దీనికి హెచ్చరిక..." అన్నారు.

"ఎల్లుండి వస్తుందండీ" అంది హైమావతి.

తనూ, గొడుగు పట్టే సభ్యుడూ, ముద్రలు వేసే సభ్యుడూ ఈపాటికి ఎక్కడ ఉండేవారో ఆయన మనసులో లెక్క వేసుకుంటున్నట్టుంది. ఆ లెక్కకు ఏ యంత్రమూ అక్కర్లేదు.

కొంచెం దూరంగా బడి మెట్ల మీద కూర్చున్న పరాంకుశరావుగారు హైమావతిని చేత్తో దగ్గరికి పిలిచాడు. గొంతు తగ్గించి, "మీకు ముందే తెలుసా?" అని అడిగాడు.

"తెలియదు సార్. ఫలితం ఇంకా పరిపక్వం కాలేదు."

ఆయన ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత కింద, నీళ్లలో ఒక్కటొక్కటిగా మాయమవుతున్న ఇంటి గుమ్మాల వంక చూశాడు. ఆయన వెనక పిల్లలు నీళ్లకు కేకలు వేస్తున్నారు. బాలింత బిడ్డకు పాలిస్తోంది. ఆయన సంచీలోంచి ఆఫీసు కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని, ఇరవై ఏడేళ్లలో పైవాళ్లను అడక్కుండా మొదటి ఉత్తర్వు రాశాడు. "సదరు పునరారోహణము అసంపూర్ణముగా ముగిసినందున, దానిని అవసరమైనప్పుడెల్లా మరల జరుపుకొనుటకు సాంకేతిక సహాయకురాలికి అనుమతి ఇవ్వడమైనది."

కింద సంతకం పెట్టాడు. కాగితం ఆమె చేతికిచ్చాడు.

"తేదీ వెయ్యలేదు సార్" అంది హైమావతి.

పరాంకుశరావుగారు కలం మూత బిగించి జేబులో పెట్టుకున్నాడు.

"అది మీరు వేసుకోండి."